ఆమె వంతు నమ్మకం

లిఫ్టు మెకానిక్‌కి కాలు ఒకచోట నిలవదు. పెళ్ళయిన వారానికే అత్తగారు ఆ సంగతి కనిపెట్టి, "మీ ఆయనకి కుర్చీ వెయ్యడం దండగే తల్లీ, కాస్త దారి వదిలితే చాలు" అన్నది కూతురితో. అలాంటి మనిషిని, భార్యకి వచ్చిన జబ్బు, ఆసుపత్రి ఐదో అంతస్తులో ఒక గాజు తలుపు బయట నిలబెట్టేసింది.

ఆమె పళ్ళ డాక్టరమ్మ దగ్గర రిసెప్షన్‌లో పని చేసేది. భయంతో దవడలు బిగించుకుని వచ్చినవాళ్ళని నాలుగు మాటలతో మెత్తబరిచి లోపలికి పంపడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఒక మధ్యాహ్నం, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగడం లేదని మాటవరసకి అన్నది. డాక్టరమ్మ ఆమెని రోగుల కుర్చీలోనే కూర్చోబెట్టి, లైటు వేసి చూసింది. మోచేతుల మీద నీలి మచ్చలు కనబడ్డాయి. పళ్ళ గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా, "వెళ్ళి రక్తం పరీక్ష చేయించుకో. రేపు కాదు, ఇప్పుడే" అన్నది. మూడో రోజుకల్లా జబ్బుకి పేరు తేలింది. బ్లడ్ క్యాన్సర్.

పెద్ద డాక్టరు ఆ మాట చెబుతున్నంతసేపూ మెకానిక్ బల్ల మీది పెన్నుల స్టాండు అందుకుని, దాని అడుగున వదులైన మర బిగిస్తూ కూర్చున్నాడు.

"ఏడు రోజులు మందు ఎక్కిస్తాం. అది చెడ్డ కణాలతో పాటు మంచివాటినీ చంపేస్తుంది. మంచివి మళ్ళీ పుట్టుకొచ్చేదాకా మూడు వారాలో నాలుగు వారాలో ఆవిడని కాపాడుకోవాలి" అన్నాడు డాక్టరు.

"నేనేం చెయ్యాలండీ?"

"ఎదురుచూడాలి."

ఇంకేది చెప్పినా చేసేవాడే. పదిహేను అంతస్తులు తాడు పట్టుకుని దిగమన్నా దిగేవాడు.

కనీసం ప్లేట్‌లెట్లయినా ఇద్దామని బ్లడ్ బ్యాంకుకి పరుగెత్తాడు. అక్కడి సిస్టర్ రెండు చేతులూ తట్టి తట్టి, "మీ నరాలు మరీ సన్నం. మిషనుకి పనికిరావు" అని పంపించేసింది. ఇంత లావు చేతులు పెట్టుకుని, ఒక్క నరం సరిగ్గా లేనందుకు అతనికి తన ఒంటి మీద తనకే అసహ్యం వేసింది.

ఆమెకి దేవుడంటే ప్రాణం. బేకరీ పైన అద్దెకి తీసుకున్న చిన్న హాల్లో రోజూ సాయంత్రం ఆరింటికి పదిహేను మంది దాకా చేరి ప్రార్థన చేసుకునేవారు. పదేళ్ళుగా మొదటి మాట ఆమెదే. ఆమె నోరు విప్పితే గాని మిగతావాళ్ళకి గొంతు పెగలదు. మెకానిక్ మాత్రం మెట్ల కింద స్కూటర్ మీద కూర్చుని, ఏడు కాగానే హారన్ కొట్టేవాడు. దేవుడితో అతనికి తగవు లేదు, పరిచయమూ లేదు.

ఆమె ఆసుపత్రిలో చేరిన మర్నాడే హాలువాళ్ళంతా వంతులు వేసుకున్నారు. ఏ రోజు ఎవరు వంట చేసి పంపాలి, ఎవరు ఆమె కూతురు పాపని బడినుంచి తీసుకురావాలి, ఎవరిది ఏ గ్రూపు రక్తం, ఎవరు ఎప్పుడు ప్లేట్‌లెట్లు ఇవ్వాలి. అదంతా రాసిన కాగితాన్ని బేకరీ నడిపే ఆవిడ స్వయంగా తెచ్చి వాళ్ళ వంటింటి తలుపుకి అంటించింది. ఊరంతా ఆమెని బేకరీ అక్క అంటారు.

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. "ఎవరెవరి గిన్నెలో మన ఇంట్లో. మనమేమైనా దిక్కులేనివాళ్ళమా?" అన్నాడు అత్తగారితో.

"దిక్కు ఉంది గనకే గిన్నెలొస్తున్నాయి అల్లుడు గారూ. తిని కడిగి ఇవ్వండి" అన్నదామె, తల ఎత్తకుండా.

మందు ఎక్కించడం పూర్తయ్యింది. ఆ తర్వాత రోజులు సాగడం మానేశాయి. పొద్దున పదకొండింటికి రక్తం లెక్కలు వస్తాయి. ఎనిమిదింటి నుంచే అతను వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచేవాడు. ఆసుపత్రి లిఫ్టు మూడో అంతస్తు దాటేటప్పుడు కిర్రుమనేది. ఆ చప్పుడు వినీ వినీ ఉండబట్టలేక, పనిముట్ల సంచీ పట్టుకుని మోటారు గదిలోకి వెళ్ళబోతే సెక్యూరిటీ అతను రెక్క పట్టుకుని దింపాడు. లెక్కలు చూస్తే, తెల్లకణాలు లేవన్నంత తక్కువ. ప్లేట్‌లెట్లు ఇవాళ ఎక్కిస్తే ఎల్లుండికి హరించుకుపోతున్నాయి. లోపలికి ఒక్కరినే వెళ్ళనిస్తారు, అదీ మాస్కు కట్టుకుని, చేతులు రెండుసార్లు కడుక్కుని. జుట్టు ఊడిపోయిన ఆమె తల దిండు మీద పసిపిల్ల తలలా ఉండేది. నోటినిండా పుళ్ళు.

సాయంత్రం ఆరింటికి హాలునుంచి ఫోన్ వచ్చేది. స్పీకరు పెట్టి ఆమె చెవి పక్కన ఉంచేవాడు. వాళ్ళ ప్రార్థన అంతా ఆమె కళ్ళు మూసుకుని వినేది. అందులో రంగులు వేసే మేస్త్రీ ఒకడు ఉన్నాడు. పాట అందరిదీ ఒక దారయితే అతనిది ఇంకో దారి. ఆ గొంతు వినబడినప్పుడల్లా మెకానిక్ పళ్ళు కొరుక్కునేవాడు.

పదిహేనో రోజున ఫోన్ మోగగానే ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆపెయ్యండి."

"నొప్పిగా ఉందా? సిస్టర్‌ని పిలవనా?"

"నొప్పి సరే. లోపల ఏమీ లేదండీ." ఒక్కో మాటా పుళ్ళ మధ్యనుంచి ఏరుకుంటున్నట్టు అన్నది. "పిలుస్తున్నాను. ఎవరూ పలకడం లేదు. గోడతో మాట్లాడినట్టుంది. వాళ్ళు నాకోసం అంత గట్టిగా అడుగుతుంటే, దొంగలా పడుకుని వినలేను. వాళ్ళని మానెయ్యమనండి."

అతను నిర్ఘాంతపోయాడు. ఇన్నేళ్ళూ ఆమె నమ్మకాన్ని ఇంట్లో ఉన్న మంచినీళ్ళలా చూశాడు. తను తాగకపోయినా అది ఉంటుంది. అది ఎండిపోతుందన్న ఊహే అతనికెప్పుడూ రాలేదు. అత్తగారిని లోపల ఉంచి, బయటికొచ్చి స్కూటర్ తీశాడు.

దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. మీ పాటలతో మా మనిషిని చంపుతున్నారు. మీ దేవుడు చెవిటివాడేమో అడగండి. ఇక మీ గిన్నెలూ వద్దు, మీరూ వద్దు. బేకరీ ముందు స్కూటర్ పడేసినంత పని చేసి, జీవితంలో మొదటిసారి ఆ మెట్లెక్కాడు.

హాల్లో పన్నెండుమంది ఉన్నారు. ఫోన్ ఎందుకు ఎత్తలేదోనని అందరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. బేకరీ అక్క రెండు మోచేతుల దగ్గరా దూది అంటించి ఉంది. ఆమె ప్లేట్‌లెట్లు ఇచ్చింది నిన్ననే. పాప ఆమె పక్కన కూర్చుని బడి లెక్కలు చేసుకుంటున్నది. తండ్రిని చూడగానే పెన్సిలు కింద పెట్టేసింది. దారిలో కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"బాగానే ఉంది," అన్నాడు ముందు పాపతో. తర్వాత అందరివైపూ తిరిగి, "తనకి ప్రార్థన రావడం లేదట. ఎవరూ పలకడం లేదట. మిమ్మల్ని మానెయ్యమంది" అన్నాడు.

పూర్వం పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన మెల్లగా లేచాడు. "ఫోన్ చెయ్యం నాయనా. అది ఆవిడ ఇష్టం. ఇక్కడ మాత్రం మానం" అన్నాడు.

"ఆమే నమ్మలేనప్పుడు మీరు చేసి లాభమేంటండీ?"

దానికి బేకరీ అక్క జవాబు చెప్పింది. "మా ఆయన పోయినప్పుడు నేనేం చేశానో తెలుసా తమ్ముడూ? ప్రార్థన పుస్తకాన్ని పొయ్యిలో పడేశాను. రొట్టెలు కాల్చే పొయ్యిలో. ఈ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. మీ ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి, పిండి పిసికే బల్ల దగ్గర కూర్చునేది. దేవుడి ఊసెత్తలేదు. ఒక్కసారే అంది, 'అక్కా, నీ వంతు కూడా నేను నమ్ముతూ ఉంటాను. నీకు ఓపిక వచ్చినప్పుడు వచ్చి తీసుకో' అని. నాకు ఓపిక రావడానికి ఏడాదిన్నర పట్టింది." కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు మేం పన్నెండుమందిమి. ఆమె ఒక్కదాని వంతు మొయ్యలేమా?"

మెకానిక్‌కి వెళ్ళిపోదామంటే కాళ్ళు గుమ్మంవైపు తిరగలేదు. కూర్చోమంటే కూర్చున్నాడు గాని, నిమిషానికే మోకాళ్ళు ఆడటం మొదలుపెట్టాయి. అతని కుర్చీ, దానితో పాటు ఆ వరసంతా గడగడలాడింది. లేచి వెనకాల అటూ ఇటూ నడవసాగాడు. ఎవరో వెనక్కి తిరిగి చూశారు.

"నడవనివ్వండి. నడుస్తూ కూడా వినచ్చు" అన్నాడు పెద్దాయన.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే ఆమెకి జ్వరం నూటనాలుగు దాటింది. ముక్కునుంచి రక్తం. ప్లేట్‌లెట్లు నాలుగు వేలకి పడిపోయాయి. డాక్టరు వరండాలోనే అతన్ని ఆపి, "మధ్యాహ్నంలోగా ఎక్కించాలి. తలలో రక్తం చిమ్మితే మన చేతుల్లో ఏమీ ఉండదు. బ్లడ్ బ్యాంకులో ఆవిడ గ్రూపువి అయిపోయాయి" అన్నాడు.

వంటింటి తలుపు మీది కాగితం అతని కళ్ళకు కట్టింది. ఆ గ్రూపువాళ్ళు ముగ్గురే. బేకరీ అక్క ఇచ్చి మూడు రోజులే అయింది, ఈ వారం అది రెండోసారి, మళ్ళీ తీసుకోరు. ఇంకొకరు పొరుగూరు వెళ్ళారు. మిగిలింది రంగుల మేస్త్రీ. ఇంతవరకూ ఒక్కసారీ ఇవ్వలేదు. ప్రతిసారీ ఏదో వంక చెప్పి తప్పించుకున్నాడు. ఫోన్ చేస్తే, ఎప్పటికి కావాలని రెండుసార్లు అడిగాడు. తర్వాత "వస్తున్నా అన్నా" అన్నాడు.

అరగంటలో వచ్చాడు. కనుబొమల మీద, చెవి తమ్మెల మీద ఆకుపచ్చ రంగు. మొహం మాత్రం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"అన్నా, ఒక మాట. నాకు సూదంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు టీకా వేసేవాళ్ళొస్తే అటక మీద దాక్కునేవాణ్ణి. ఇన్నాళ్ళూ అందుకే... నువ్వు పక్కనుంటావా?"

పరీక్షలు అయ్యాక మేస్త్రీని పడుకోబెట్టి సూది గుచ్చారు. అతను కెవ్వున అరిచి, అందిన చేతిని అందినట్టు పట్టుకున్నాడు. అది మెకానిక్ చెయ్యి. మిషను తిరగడం మొదలయ్యింది.

"ఎంతసేపు సిస్టర్?" అన్నాడు మెకానిక్.

"గంటన్నర."

పైన భార్య ఎలా ఉందో తెలియదు. కాళ్ళు పరుగెత్తమంటున్నాయి. లేవబోతే మేస్త్రీ పట్టు ఇంకా బిగిసింది. నిచ్చెనలెక్కి కాయలు కాసిన చెయ్యి, వదిలించుకోవడం తన వల్ల కాలేదు. సరే, కూర్చున్నాడు. మోకాళ్ళు ఆడితే సూది కదులుతుందని సిస్టర్ కసిరింది. మోకాళ్ళూ ఆపాడు.

మేస్త్రీ కళ్ళు గట్టిగా మూసుకుని పాట అందుకున్నాడు. ఎప్పటిలాగే దారి తప్పిన పాట. ఆ గదిలో ఇంకెవరూ పాడటం లేదు గనక, అది తప్పో ఒప్పో పోల్చుకోవడానికి ఏమీ లేదు. ట్యూబులోంచి లేతపసుపు ద్రవం సంచీలోకి చుక్కచుక్కగా దిగుతుంటే మెకానిక్ చూస్తూ కూర్చున్నాడు. ఏమని అడగాలో తెలియదు, ఎవరిని అడగాలో తెలియదు. తెలియకుండానే, బతికించు, బతికించు అని లోపల అదే మాట తిరుగుతోంది. గంటన్నరసేపు అతను కదలకుండా కూర్చోవడం ఊహ తెలిశాక అదే మొదలు.

సంచీ ఐదో అంతస్తుకి చేరింది. మధ్యాహ్నానికి ముక్కునుంచి రక్తం ఆగింది. జ్వరం ఇంకో మూడు రోజులు ఏడిపించి తగ్గుముఖం పట్టింది. ఇరవై రెండో రోజున తెల్లకణాలు కొద్దిగా లేచాయి. మర్నాడు ఇంకొంచెం. నెల నిండేసరికి ఎముక మూలుగ తీసి పరీక్ష చేశారు. చెడ్డ కణాలు కనబడలేదు.

"జబ్బు పోయిందని కాదు, అణిగింది" అన్నాడు డాక్టరు. "ఇంకా నాలుగు విడతలు మందు పడాలి."

నాలుగూ పడ్డాయి. ప్రతి విడతకీ మళ్ళీ గిన్నెలు, మళ్ళీ సంచులు. మెకానిక్ ఆరింటికల్లా హాలుకి వెళ్ళి, వెనకాల నడిచి, ఆసుపత్రికి వచ్చేవాడు.

"ఇవాళ ఏం ప్రార్థించారు?" అని ఒకసారి ఆమె అడిగింది.

"నాకేం గుర్తుంటుంది? మేస్త్రీ పాడుతుంటే పక్కింటి కుక్క కూడా అందుకుంది."

ఆమె పుళ్ళ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వాగాక, "మీరు నమ్ముతున్నారా?" అన్నది.

"తెలీదు. నీ బదులు వెళ్ళొస్తున్నా, అంతే."

ఆసుపత్రి ఆమెని వదిలిపెట్టేసరికి ఏడో నెల వచ్చింది. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. ఏ పరీక్షలో ఏం తేలుతుందో ఎవరూ చెప్పలేరు. ఇంటికొచ్చిన పదో రోజున తలకి గుడ్డ కట్టుకుని హాలుకి బయల్దేరింది. మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగింది. అందరూ లేచి దారిచ్చినా ముందుకు పోకుండా చివరి వరసలో కూర్చుంది. మొదటి మాట బేకరీ అక్క పలికింది. ఆమె పెదవి కదపలేదు. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. ఎవరూ ఏమీ అడగలేదు.

రెండో వారంలో, ప్రార్థన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటుండగా, ఆమె లేచి నిలబడింది.

"నేనుండిన వార్డులో ఒకమ్మాయి ఉంది. బడిలో పంతులమ్మ" అన్నది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఊరు కాని ఊరు, ఎవరూ లేరు. ఇవాళ ఫోన్ చేసి ఏడ్చింది. రేపటికి ప్లేట్‌లెట్లు కావాలట." ఆ అమ్మాయి పేరు చెప్పి, "ఆమెకోసం మీరు అడగండి. నేనూ ప్రయత్నిస్తాను" అన్నది.

"ఏ గ్రూపు?" అన్నాడు పెద్దాయన, కళ్ళజోడు పెట్టుకుంటూ.

మేస్త్రీ అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడుస్తూ, "అన్నా, రేపు నువ్వు కూడా వస్తావుగా?" అన్నాడు కంగారుగా.