ఇసిల్డా వరండాలో విచారణ

కోర్టు ఈసారి ఫోన్లోనే, వీడియోలో అన్నారు. అయినా ఇసిల్డా ఆదివారం టోపీ పెట్టుకుంది, చర్చి బూట్లు వేసుకుంది. బూట్లు జడ్జిగారికి ఎలాగూ కనిపించవు. కానీ కోర్టు ముందు ఇంటి చెప్పులతో కూర్చునే మనిషి కాదావిడ.

మనవడు ట్రెమేన్‌కు పద్నాలుగేళ్ళు. పక్కింటి ఆస్రిక్ మేకను దొంగిలించి కసాయికి అమ్మేశాడు. ఆరు వారాలుగా పిల్లల నిర్బంధ కేంద్రంలో ఉన్నాడు. ఇవాళ జడ్జి వాణ్ణి ఇంటికైనా పంపాలి, మరో ఏడాది అక్కడే ఉంచనైనా ఉంచాలి.

కోర్టు టౌన్లో జరిగే రోజుల్లో ఎవరి పిల్లాడి కేసైనా సరే, వీధంతా మినీబస్సెక్కి వెళ్ళి బయట బెంచీల మీద కూర్చునేది. అలాంటిది కోర్టే ఇంటికొస్తే ఊరుకుంటారా? తొమ్మిదికల్లా పద్నాలుగు మంది వచ్చి, జడ్జికి కనబడకుండా ఫోన్ వెనక సర్దుకున్నారు. మేక పోగొట్టుకున్న ఆస్రిక్ కూడా వచ్చాడు. కేసు వేరు, ఇరుగుపొరుగు వేరు.

"నోళ్ళు మూసుకుని కూర్చోండి," అంది ఇసిల్డా.

"మేమేమన్నా చిన్నపిల్లలమా అక్కా?" అన్నాడు ఆస్రిక్.

ఫోన్లో ఒక గడిలో జడ్జి, ఇంకో గడిలో వదులు చొక్కాలో ట్రెమేన్. మూడో గడిలోంచి ప్రొబేషన్ ఆఫీసరు అబ్బాయి మీద నివేదిక చదివాడు. "అబ్బాయి ప్రవర్తన బాగా మారింది."

"ఆమెన్!" అంది వరండా మొత్తం. మంచి మాట వింటే ఆ నోళ్ళకు అదే అలవాటు మరి.

జడ్జి కళ్ళద్దాలు తీసింది. "మీ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు మేడమ్. మా వీధివాళ్ళే."

"పిల్లల కేసు బయటివాళ్ళు వినకూడదు. పంపించెయ్యండి. లేదంటే వచ్చే నెలకు వాయిదా వేస్తాను."

ఇసిల్డా లేచి నిలబడింది. "లేవండి! ఆమెన్ అంట, ఆమెన్! గేటు దాటండి ముందు!" అని అందరినీ తరిమేసింది.

జడ్జి కాగితం తిప్పింది. "గురువారం నుంచి శనివారం దాకా మీరు మార్కెట్లో ఉంటారట. ఆ మూడు రోజులూ అబ్బాయిని ఎవరు చూస్తారు?"

ఇసిల్డా ఖాళీ వరండా వైపు చూసింది. "ఇప్పుడు మీరు పంపించేయమన్నవాళ్ళే మేడమ్."

జడ్జి నవ్వలేదు. "అయితే ఒకరిని పిలవండి. పేరు రాయించి పూచీ పడాలి. అబ్బాయి దారి తప్పితే నాకు జవాబు చెప్పాల్సింది ఆ మనిషే."

ఇసిల్డా గేటు దగ్గరికెళ్ళి సంగతి చెప్పింది. పేరు కోర్టు పుస్తకంలోకి ఎక్కుతుందనగానే ఒకావిడకు పొయ్యి మీద కూర గుర్తొచ్చింది, ఒకాయనకు నడుము పట్టేసింది. అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఇసిల్డాకు ఏడుపొచ్చింది.

"నా పేరు రాయించు," అన్నాడు ఆస్రిక్.

"నువ్వా?"

"మేక పోయింది నాది. వాడి మీద నాకంటే గట్టిగా కన్నేసి ఉంచేవాడెవడు?"

ఆస్రిక్ ఫోన్ ముందు కూర్చుని పేరు చెప్పాడు. జడ్జి కాగితంలో వెతికి చూసింది. "మేక మీదే కదా?"

"నాదే మేడమ్. ఇంకా ఆరున్నాయి."

జడ్జి చాలాసేపు రాసుకుంది. "సరే. అబ్బాయిని ఇంటికి పంపుతున్నాను."

అవతలి గడిలో ట్రెమేన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"చేతులు తియ్యరా," అన్నాడు ఆస్రిక్. "గురువారం పొద్దున ఆరింటికి మా గేటు దగ్గరుండు. ఆ ఆరు మేకల్నీ మేతకు తోలాల్సింది నువ్వే."