గీత పక్కన ఖాళీ

కొండాపూర్‌లో ఆ చిన్న గ్రంథాలయం తలుపులు పొద్దున్నే తెరిచేది లీదియా. గుంటూరు నుంచి వచ్చి అక్కడ లైబ్రేరియన్‌గా కుదురుకుంది. వస్తూనే కిటికీలు తీసి బల్లలు తుడిచేది. దుమ్ముకేం కొదవ? మాదాపూర్‌లో కంప్యూటర్ ఆఫీసుల కోసం బండలు పేలుస్తున్న రోజులవి. ఆమె తుడవడం అయ్యేసరికి రచయితలు వచ్చి ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చునేవారు. వాళ్లలో ఎక్కువమంది చనిపోయినవాళ్లే.

అందులో వింతేమీ లేదు. కార్డుల పెట్టెలో ప్రతి రచయిత పేరు పక్కన పుట్టిన ఏడు, ఒక చిన్న గీత, ఆ తర్వాత పోయిన ఏడు ఉంటాయి. మనిషి పోయాక ఆ ఏడు ఎవరూ రాయకపోతే గీత పక్కన ఖాళీ ఉండిపోతుంది. ఖాళీ ఉన్నంతకాలం ఆ మనిషి వస్తూనే ఉంటాడు. తను పోయిన రోజు పేపరు పట్టుకుని, మొదటి పేజీ చూస్తూ సాయంత్రం దాకా కూర్చుంటాడు. చదువుకోవడానికి వచ్చినవాళ్లు కాస్త జరిగి కూర్చునేవారు, అంతే.

రామచంద్రం మాస్టారు అలా వచ్చేవారిలో ఒకరు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు పొలాల్లో పాడే నాట్ల పాటలను ఒక పుస్తకంగా వేసిన బడిపంతులు ఆయన. మధ్యాహ్నం కాగానే ఆయన భార్య భూలక్ష్మి టిఫిన్ డబ్బాతో వచ్చి ఎదురుగా కూర్చునేది. బస్తీ కబుర్లన్నీ చెప్పి, ఆయన తినడు కనక తనే తినేది.

"తినవాయె, మాట్లాడవాయె. బతికున్నప్పుడు మాత్రం ఏం మాట్లాడినవ్ తియ్యి," అని విసుక్కునేది.

ఆమె నుదుట రూపాయి బిళ్లంత బొట్టు ఉండేది. బస్తీలో ఏ పెళ్లికైనా పసుపు దంచడానికి మొదటి పిలుపు ఆమెకే. ఎవరైనా కొత్తవాళ్లు అనుమానంగా చూస్తే, పక్కింటి బాలమ్మ "ఆమె పెనిమిటి లైబ్రరీల ఉన్నడు గద" అని సర్దిచెప్పేది.

తొంభై ఎనిమిది వానాకాలంలో గ్రంథాలయానికి కంప్యూటర్ వచ్చింది. దాన్ని నేర్పడానికి దినేశ్ అనే కుర్ర ఇంజినీరు వచ్చాడు.

"మేడమ్, ఇకనుంచి కొత్త స్టాండర్డ్. రైటర్ పోయారని తెలిసి కూడా డేట్ ఓపెన్‌గా వదిలేస్తే రికార్డ్ సేవ్ అవదు. రికార్డ్ లేని బుక్ గోడౌన్‌కి పంపేయడమే."

లీదియా పాత కార్డులు ముందు పెట్టుకుని, పేపర్ల మీది తేదీలు చూసి, ఇంటివాళ్లను అడిగి రూఢి చేసుకుని, ఒక్కొక్క ఏడూ కంప్యూటర్‌లో కొట్టడం మొదలుపెట్టింది. ఏడు కొట్టగానే ఆ కుర్చీలో మనిషి మొదటిసారి పేజీ తిప్పేవాడు. చివరిదాకా చదివి, పేపరు మడిచి, బయటికి వెళ్లిపోయేవాడు. కుర్చీలు ఖాళీ అవుతున్నకొద్దీ, తనే వాళ్లను పంపేస్తున్నానని లీదియాకు భయం పట్టుకుంది. ఇంట్లో వంట చేసుకుంటున్నా, చర్చిలో మోకరించినా, వెనక ఎవరో పేజీ తిప్పిన చప్పుడే వినిపించేది.

చివరికి రామచంద్రం మాస్టారు ఒక్కరే మిగిలారు. లీదియా వెళ్లి భూలక్ష్మి పక్కన కూర్చుంది.

"అమ్మా, మాస్టారిది ఏ సంవత్సరమో చెప్పాలండి."

భూలక్ష్మి చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "ఏంది, ఆయన్ని గూడ పంపిస్తవా?"

"లేకపోతే పుస్తకం తీసేస్తారండి."

"నువ్వు గా మిషన్ల ఏడు కొడితే నా బొట్టు పోతది బిడ్డా. ఎరికేనా నీకు?"

లీదియాకు బొట్టు పెట్టుకునే అలవాటు లేదు. అందుకే ఆ సంగతి తట్టనే లేదు. ఆమెకు సిగ్గేసింది. "నేను కొట్టనండి. పుస్తకం పోతే పోనివ్వండి," అంది.

ఆ రోజు భూలక్ష్మి ఇంటికి వెళ్లలేదు. కబుర్లు కూడా చెప్పలేదు. ఊరికే భర్తను చూస్తూ కూర్చుంది. అన్నేళ్లలో ఎప్పుడూ చూడనిది అప్పుడు చూసింది. ఆయన బొటనవేలు పేపరు అంచును పట్టుకుని వణుకుతోంది. పేజీ తిప్పాలని చూస్తున్నాడు, అది కదలడం లేదు. భూలక్ష్మి తన చేత్తో తిప్పబోయింది. ఆమెకూ కదల్లేదు.

"ఎన్నేండ్ల సంది గిట్ల తండ్లాడుతున్నడో," అంది. "నా ముచ్చట నేను చెప్పుకున్న గని, ఆయన చేతుల దిక్కు సూడకపోతి. తొంభై రెండు. కొట్టు బిడ్డా."

లీదియా ఏడుస్తూనే కొట్టింది. మాస్టారు పేజీ తిప్పాడు. తీరిగ్గా అంతా చదివాడు. లేచి, భార్య ముఖంలోకి ఒకసారి చూసి, వెళ్లిపోయాడు. భూలక్ష్మి చెమట తుడుచుకున్నట్టే కొంగుతో నుదురు తుడుచుకుంది.

కొత్త పద్ధతిలో ఇంకొక గడి ఉంది. పాటలు పాడినవాళ్ల పేరు కూడా విడిగా రాయాలట. పాత కార్డులో అలాంటిది లేదు.

"ఈ పాటలు ఎవరు పాడారండి?"

"నేనే. నేను పాడితే ఆయన రాసుకున్నడు. ఇంకెవలు పాడుతరు?"

లీదియా ఆమె పేరు కొట్టి, పుట్టిన ఏడు అడిగి కొట్టి, గీత పెట్టి ఆపేసింది.

"గా గీత ఏంది?"

"మీరు ఉన్నారని గుర్తండి."

"నేను పోయినంక ఎవలు రాస్తరు?"

"నేనే రాస్తానండి."

"జర జల్ది రాయాలె మరి. నా మీద నీకు పావురం ఎక్కువ, ప్రేమకొద్ది ఆలస్యం చేస్తవ్."

ఆ తర్వాత బస్తీలో పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. భూలక్ష్మికి అది కష్టంగానే ఉండేది, దాచుకోలేదు కూడా. కానీ గ్రంథాలయానికి రావడం మానలేదు. దగ్గర్లోని హాస్టల్ ఆడపిల్లలు కంప్యూటర్‌లో ఆమె పేరు చూసి పాట పాడమని అడిగేవారు. ఆమె పాడేది. నిశ్శబ్దం పాటించమని ఎవరూ అనలేదు. లీదియా తన డబ్బా తెచ్చుకుని ఆమెతోపాటే తినేది. ఊళ్లో తనకంటూ ఒక మనిషి ఉందని మొదటిసారి అనిపించింది.

మరుసటి ఏడు చలికాలంలో ఒక పొద్దున లీదియా తాళం తీసేసరికి భూలక్ష్మి లోపల కూర్చుని ఉంది. చేతిలో ఆ రోజు పేపరు ఉంది. గేటు దగ్గర పేపరు ఇంకా పడనే లేదు.

లీదియా వెళ్లి కంప్యూటర్ మీట నొక్కింది. అప్పట్లో అది తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది. రోజూ దాన్ని తిట్టుకునే మనిషి, ఇవాళ కుర్చీ లాక్కుని భూలక్ష్మికి ఎదురుగా కూర్చుని, ఆ కాసేపూ ఆమె ముఖమే చూసింది. తెర మీద పేర్లు రాగానే లేచి వెళ్లి ఏడు కొట్టింది.