రంగి వాంగ్మూలం

సింధుకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చినట్టేనని తండా అంతా అనుకుంటున్న రోజుల్లో ఈ సంగతి జరిగింది. ప్రిలిమ్స్ అయింది. నల్గొండ గ్రౌండ్‌లో ఎనిమిది వందల మీటర్లు నాలుగు నిమిషాల లోపే పరిగెత్తింది. ఫైనల్ పరీక్ష కూడా గట్టెక్కి లిస్టులో పేరు చూసుకుంది. ఇక మిగిలింది అటెస్టేషన్ ఫారం నింపి ఇవ్వడం, దాని మీద పోలీసులు వచ్చి విచారించుకోవడం.

ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా?

సింధు పెన్ను అక్కడ ఆగిపోయింది. ఐదేళ్ల కిందట, డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా, కాలువ నీళ్లు రాక తండా పొలాలు ఎండిపోతుంటే ఆడవాళ్లంతా మోతె దగ్గర ఖమ్మం రోడ్డు మీద బైఠాయించారు. నానమ్మ రంగి ముందు వరసలో కూర్చుని, సింధు చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. పోలీసులు ఇరవై ఏడు మంది పేర్లు రాసుకుని కేసు పెట్టారు. రెండేళ్లకు కోదాడ కోర్టులో, లోక్ అదాలత్ నాడు, అది ముగిసిపోయింది.

"లేదు అని రాయి," అంది హారిక. సూర్యాపేటలో కోచింగ్ కోసం సింధుతో ఒకే గదిలో కిరాయికి ఉంటున్న పిల్ల. ఆమె పేరు కూడా లిస్టులో ఉంది. "ఖతమైన కేసు. ఇప్పుడెవరు తవ్వుతరు? ఉన్నదని రాస్తే నీ ఫైలు పక్కన పడేస్తరు."

సింధు 'లేదు' అని రాసింది. కింద సంతకం పెట్టి, ఎస్పీ ఆఫీసులో ఇచ్చి వచ్చింది.

ఫిబ్రవరి చివర్లో, ఒక మధ్యాహ్నం సూర్యాపేట గదిలో ఉండగా ఫోన్ మోగింది.

"సింధువేనా? నేను హెడ్ కానిస్టేబుల్ సైదయ్యను. వెరిఫికేషన్‌కు మీ తండాకొచ్చిన."

"సార్, ఇయ్యాల ఇంట్ల ఎవరు లేరు. మా బాపు మిర్చి ఏరవోయిండు. తండల అందరు గాడనే ఉన్నరు."

"ఎందుకు లేరు, మీ నానమ్మ ఉన్నది గద. అంతా ఆమెనే చెప్పింది. వాంగ్మూలం రాసుకున్న, వేలిముద్ర గూడ పెట్టింది." కాగితాలు తిరగేసిన చప్పుడు. "ఒక్క ముచ్చట నీ ఫారంతోని కలుస్తలేదు బిడ్డా. రేపు మళ్ల వస్త. నువ్వు, మీ బాపు ఇంటికాడ ఉండుండ్రి."

ఫోన్ పెట్టేశాక సింధు చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుంది. రంగి చనిపోయి ఏడాదిన్నర అవుతోంది.

ఎవరో వేరే ముసలమ్మ అయి ఉంటుందని తనకు తాను చెప్పుకుంది. తండాలో అన్ని ఇళ్లూ ఒకేలా ఉంటాయి. పొరపాటున ఏ ఇంటికో వెళ్లి ఉంటాడు. ఆ మాట పట్టుకునే ఆ రాత్రి నిద్రపోయింది, పొద్దున్నే బస్సెక్కింది.

తండ్రి హన్మా ఇంటి ముందే నిలబడి ఉన్నాడు. "నిన్న తాళమేసి పోయిన," అన్నాడు. "మాపటికి వచ్చి నేనే తీసిన. తాళంచెవి నా మొలతాడుకే ఉండె."

పదకొండింటికి సైదయ్య బండి వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, నడుము నొప్పి ఉన్నట్టు మెల్లగా దిగాడు. ఎవరినీ దారి అడగలేదు. నేరుగా వాళ్ల గుమ్మం దగ్గరికే వచ్చి, లోపలికి తొంగి చూశాడు.

"అమ్మ ఏది?"

హన్మా గోడ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ప్లాస్టిక్ దండ వేసిన ఫోటో ఉంది. కింద పుట్టిన తేదీ లేదు, పోయిన తేదీ మాత్రం ఉంది.

సైదయ్య ఆ తేదీని రెండు సార్లు చదివాడు. నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఈమెనే," అన్నాడు. "నిన్న ఈ తలుపు తెరిసే ఉండె. గీ మంచం మీదనే కూసున్నది. ఎడమ కాలుకు తెల్లగుడ్డ సుట్టుకున్నది. నాకు చెంబుతోని నీళ్లిచ్చింది."

ఎడమ కాలి పుండు మానకే రంగి దవాఖానలో చనిపోయింది. ఫోటోలో ఆమె భుజాల దాకే కనిపిస్తుంది.

"ఏం చెప్పింది సార్?" అని అడిగింది సింధు.

సైదయ్య సంచిలోంచి కాగితం తీసి చదివాడు. "నా మనుమరాలు మంచి పిల్ల. నీళ్ల కోసం రోడ్డు మీద నా పక్కన కూసున్నది. పోలీసాయన పేర్లు అడిగితే అందరు మొఖాలకు కొంగు కప్పుకున్నరు. నా మనుమరాలు లేచి నిలబడి తన పేరు, తండ్రి పేరు చెప్పింది. గసువంటి పిల్లకు ఈ నౌకరి ఇయ్యాలె."

అది నిజమే. ఆ రోజు సింధు లేచి నిలబడింది. ఆ సంగతి ఆమె కూడా మరిచిపోయింది. రంగికి మాత్రం అది దాచుకోవాల్సిన విషయం కాదు, వచ్చినవాళ్లకు చెప్పుకోవాల్సిన గొప్ప. కానీ రంగి బతికి ఉండగా ఆ ఉద్యోగాలకు నోటిఫికేషనే పడలేదు. మనుమరాలు పోలీసు కావాలనుకుంటోందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కాగితం అడుగున నీలం రంగు వేలిముద్ర. దాని నడుమ ఏటవాలుగా ఒక తెల్లటి గీత. హన్మా లోపలికి వెళ్లి తల్లి పాత పింఛన్ పుస్తకం తెచ్చి పక్కన పెట్టాడు. కొడవలికి తెగిన ఆ బొటనవేలు అందులోనూ అలాగే పడింది. అతను కాగితానికి రెండు చేతులూ జోడించి, బయటికి వెళ్లిపోయాడు.

సైదయ్య మెల్లగా అన్నాడు. "సచ్చిపోయినామె వాంగ్మూలం ఫైల్ల పెడితే నన్ను పిచ్చోడంటరు. ఇది చింపేస్త. ఇంకిద్దరు ఇరుగుపొరుగోళ్లతోని రాపిచ్చుకుంట. కేసు సంగతి నాకు ఈమె తప్ప ఇంకెవ్వరు చెప్పలే. నేను పాత రికార్డు తీస్తే దొరుకుతది, తియ్యకుంటే లేదు. నువ్వే చెప్పు."

"జర ఆగుండ్రి సార్."

సింధు ఇంట్లోకి వెళ్లింది. మంచం కింద ఇత్తడి చెంబు ఉంది. అది నానమ్మది; ఆమె పోయాక తండ్రి దాన్ని వాడకుండా అటక మీద పెట్టేశాడు. వంగి చూస్తే సగం దాకా నీళ్లు ఉన్నాయి. అంచు మీద నీలి మరక. వేలితో తాకింది. చెంబు చల్లగా ఉంది, ఇప్పుడే బోరింగు కింద నింపి తెచ్చినంత చల్లగా.

సింధుకు వెంటనే బయటికి పరిగెత్తాలనిపించింది. కానీ నానమ్మ ఆ పుండు కాలితో అంత దూరం నుంచి వచ్చి ఒక్క మాట చెప్పి పోయింది. ఇప్పుడు సైదయ్య, తానూ కలిసి ఆమె రానేలేదని తేల్చబోతున్నారు. సింధు అక్కడే మంచం మీద కూర్చుంది. పక్కన కొంచెం చోటు వదిలి కూర్చున్నానని లేచాక గాని తెలియలేదు.

"చింపకుండ్రి సార్," అంది బయటికి వచ్చి. "ఫైల్ల పెట్టకుండ్రి, మీ దగ్గరనే ఉంచుకోండ్రి. కేసు సంగతి నేనే రాసిస్త."

"నౌకరి పోవచ్చు బిడ్డా."

"తెలుసు సార్."

ఆ మధ్యాహ్నమే సూర్యాపేట వెళ్లి, ఫారంలో తప్పు రాశానని, ఫలానా కేసులో తన పేరు ఉందని కాగితం రాసి ఇచ్చింది. క్లర్కు దాన్ని చదివి, ఆమె ముఖం చూసి, మళ్లీ చదివాడు. నెలకు నోటీసు వచ్చింది. సంజాయిషీ ఇచ్చింది. మళ్లీ ఇమ్మన్నారు, మళ్లీ ఇచ్చింది. బ్యాచ్ ట్రైనింగ్‌కు వెళ్లిపోయింది. హారిక యూనిఫాంలో ఫోటో పంపితే, బాగుందని జవాబిచ్చి ఫోన్ బోర్లించింది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కంప్యూటర్ పనికి చేరింది. పొద్దున పూట మాత్రం పరుగు మానలేదు.

ఎనిమిదో నెలలో ఉత్తర్వు వచ్చింది. కేసు చిన్నది, ముగిసిపోయింది, విచారణ నివేదిక చేరకముందే అభ్యర్థి తానే తెలిపింది కాబట్టి వచ్చే బ్యాచ్‌తో తీసుకోవచ్చు అని దాని సారాంశం. హన్మా ఆ కాగితాన్ని ఫోటో ముందు పెట్టి, చదవడం రాకపోయినా చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

ట్రైనింగ్‌కు బయల్దేరిన రోజు సూర్యాపేట బస్టాండ్‌కు సైదయ్య వచ్చాడు. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. గడ్డం పెరిగింది, మనిషి బాగా తగ్గాడు.

"ఆ కాయితం ఉన్నదా సార్?"

"బీరువల ఉన్నది. మడత విప్పలే."

"దాది మళ్ల కనపడ్డదా?" వాళ్ల ఇళ్లల్లో నానమ్మను దాది అంటారు.

"లేదు బిడ్డా. ఆమెతోని నాకు భయం లేదు." ఆయన ఆగి ఆగి మాట్లాడాడు. "ఇరవై తొమ్మిదేండ్లు గీ వెరిఫికేషన్ పనే చేసిన. మఠంపల్లి, వాడపల్లి, తిరగని ఊరు లేదు. ఎందరో ముసలోళ్లు పిలిచి కూసోబెట్టి మాట్లాడిండ్రు. రాసుకొని వచ్చిన. మళ్ల ఆ ఇండ్లకు ఎన్నడు పోలే."

బస్సు వచ్చింది. ఆయన పెట్టె అందుకుని లోపల పెట్టాడు.

"ఇప్పుడు పండుకుంటే ఒక్కొక్కరి మొఖం యాదికొస్తున్నది," అన్నాడు మెట్టు దిగుతూ. "వాళ్లల్ల ఎవరు అప్పుడు బతికి ఉన్నోళ్లో, ఎవరు కాదో తెలుస్తలేదు."