రెండో అంతస్తు వెయ్యం

ఇది నేను ఎవరి నోటో విన్నది కాదు. ఎదురుగా నిలబడి చూసింది.

ఆటోనగర్‌లో కిరీటి గారి లారీ బాడీ షెడ్డు ముందు మిట్టమధ్యాహ్నం ఒక డెయిరీ లారీ ఆగింది. వెనక తలుపు ఊడి వేలాడుతోంది. లోపల పోతుదూడలు. పుట్టి వారం కూడా కానివాటిని ఒకదాని మీద ఒకటి కుక్కారు. పోతుదూడ పాలివ్వదు కనుక డెయిరీకి దాంతో పనిలేదు, కబేళాకి తోలేస్తారు. తలుపు సందులో ఇరుక్కుని ఒకదాని కాలు విరిగింది. అది అరవడం కూడా మానేసింది.

"తలుపు అతికి పంపెయ్యండి," అన్నాడు డెయిరీ మేనేజరు. "ఎల్లుండి ఖాళీ బండి తెస్తా. మధ్యలో ఇంకో ఫ్లోర్ వెయ్యాలి. ట్రిప్పుకి రెట్టింపు పట్టాలి. కింద మూడడుగులుంటే చాలు."

వెల్డర్ జయపాల్ అడిగాడు: "మూడడుగుల్లో ఎట్టా నిలబడతాయండీ?"

"నిలబడే పనేముందయ్యా? పోయేవేగా!"

జయపాల్ తలుపు అతికాడు. కాలు విరిగిన దూడను దించుకుంటానంటే డ్రైవరు తల ఊపాడు. తర్వాత జయపాల్ తన యజమాని వైపు తిరిగి, "ఆ ఫ్లోర్ నేను వెయ్యనండి," అన్నాడు.

"నువ్వు కాకపోతే ఇంకోడు వేస్తాడు. రేపట్నించి రామాక," అన్నాడు కిరీటి.

పక్క షెడ్డులోంచి ముసలి వెల్డర్ ఏసుపాదం బయటికొచ్చాడు. "ఆ ఇంకోడెవడో చెప్పండి కిరీటి గారూ. నేనైతే కాదు."

వెనక మరో నలుగురు పని ఆపి వచ్చి నిలబడ్డారు.

నా పేరు జ్ఞానేశ్వరి. ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా ఆదివారం మీటింగు కరపత్రాలు షెడ్లలో పంచమని జయపాల్‌కి ఇద్దామని ఆ రోజు అక్కడికి వెళ్ళాను. మేం పదకొండుమందిమి. పాలు, పెరుగు, గుడ్డు, మాంసం ఏదీ ముట్టని వేగన్లం. మమ్మల్ని కూడగట్టింది మా కాలేజీ లెక్చరర్ అనంతకృష్ణ సార్. జయపాల్ తల్లి తెరేసమ్మ గారి మెస్సులో ప్రతి ఆదివారం కలిసి తినేవాళ్ళం. ఆవిడ వేరుశెనగ పాలు తోడుపెట్టి మజ్జిగపులుసు చేసేది. పెరుగు లేకుండానే అన్నం ముగిస్తానని మా నాన్నతో నేను పడిన గొడవలన్నిటికీ ధైర్యం చెప్పింది సారే. ఆయన మాట నాకు వేదం.

దూడను ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తెల్లారేలోపు చచ్చిపోయింది.

మర్నాడు సాయంత్రం మెస్సులో అరవైమంది కార్మికులు కూర్చున్నారు. బల్లలు చాలక గుమ్మంలోనూ నిలబడ్డారు. సార్ మాట్లాడాడు. ముందు మీరంతా మాంసం మానాలి, అప్పుడే ఈ మాటకు విలువ అన్నాడు.

ఏసుపాదం లేచాడు. "సారూ, నేను కూర తింటా. దాచుకునేదేం లేదు. కానీ ఈ దూడల్ని తల్లిదగ్గర్నించి లాగింది నేనా? ఊరంతా పొద్దున్నే తాగే పాల కోసం లాగారు. ఆ పాపం మా కంచంలోనే ఉందంటారేంటండీ?"

"అది వేరే చర్చ ఏసుపాదం."

"వేరే కాదు సార్," అన్నాడు జయపాల్. "దూడని కుక్కేదీ, మమ్మల్ని రేకుల షెడ్డులో కుక్కేదీ ఒకటే చెయ్యి. ఖర్చు తగ్గాలి, అంతే. బతికుందా చచ్చిందా వాళ్ళకి అనవసరం."

సార్ లేచి దగ్గరికొచ్చాడు. జయపాల్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇది మీ పోరాటం కాదు, మనది. లాఠీ వస్తే ముందు నా వీపు మీద పడాలి."

చప్పట్లకు మెస్సు రేకులు అదిరాయి. ఏ షెడ్డులోనూ రెండో అంతస్తు వెయ్యకూడదని తీర్మానించాం. కలెక్టరుకు అర్జీ రాశాం. సార్ చెబుతుంటే కార్మికుల పేర్లు నేనే రాశాను. నలభైమూడు సంతకాలు. కలెక్టరుకు ఇస్తానని ఆ కాగితం ఆయన జేబులో పెట్టుకున్నాడు.

తొమ్మిది రోజులు ఆ లారీ షెడ్డు షెడ్డుకీ తిరిగింది. ఎవరూ వెల్డింగ్ హోల్డరు పట్టలేదు. పదోరోజు భోజనాల వేళ పోలీసులు మెస్సుకు వచ్చారు. లారీని అడ్డగించారట, దూడను దొంగిలించారట. ఎస్సై ఒక కాగితం తీసి పేర్లు చదివాడు. జయపాల్, ఏసుపాదం, ఇంకో నలుగురు. తక్కినవాళ్ళకి హెచ్చరిక.

నేను ఆ కాగితం చూశాను. అక్షరాలు నావి.

తెరేసమ్మ గారు నన్ను పట్టుకుని, "ఏంటి పాపా?" అంది. అది సార్ జేబులో పెట్టుకున్న అర్జీ అని చెప్పాను. ఇద్దరం ఆటో ఎక్కి బెంజి సర్కిల్ దగ్గర హాలుకు వెళ్ళాం. ఆ రోజు అక్కడ మా వేగన్ మేళా. వేదిక మీద పెద్ద బ్యానరు. అదే డెయిరీ కొత్తగా పెడుతున్న సోయా పాల ప్రకటన. దాని కింద అనంతకృష్ణ సార్, పక్కన మేనేజరు.

"మా అర్జీ డెయిరీవాళ్ళకిచ్చారా సార్?"

ఆయన నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. తెరేసమ్మ గారూ వెంట వచ్చింది. కంగారు కూడా పడలేదు. "వ్యూహం అనేది ఒకటుంటుందమ్మా. వాళ్ళు ప్లాంటు పెడితే లక్షమంది పాలు మానతారు. దానికోసం ఆరుగురు నాలుగు రోజులు లోపలుంటే ఏం? అయినా వాళ్ళు మాంసం తినేవాళ్ళేగా. వాళ్ళకి దూడల మీద ప్రేమేంటి?"

మూడేళ్ళు నేను నేర్చుకున్నదంతా ఈ నోటినుంచే. నాకు ఏడుపు రాలేదు.

తెరేసమ్మ గారు వేదిక ఎక్కి మైకు లాక్కుంది. "ఈయన మూడేళ్ళు నా చేతి అన్నం తిన్నాడు. నా కొడుకు పేరు పోలీసులకి రాసిచ్చాడు. ఇక మీ ఇష్టం."

మైకు ఆపేశారు. హాలులో సగంమంది లేచి మా వెంట వచ్చారు. సగంమంది కూర్చునే ఉన్నారు. మా పదకొండుమందిలో ఐదుగురు ఆ కూర్చున్నవాళ్ళలో ఉన్నారు.

జయపాల్ వాళ్ళని రిమాండుకు పంపారు. మూడోరోజు, లారీ గుంటూరు షెడ్డుకు వెళ్ళిందని కబురొచ్చింది. పనిమానేసి ముప్ఫైమంది బస్సెక్కాం. మేం వెళ్ళేసరికి అంతస్తు సగం అయిపోయింది. జాన్సన్ అనే వెల్డర్ లారీ లోపల వంగి పని చేస్తున్నాడు.

తెరేసమ్మ గారు జరిగిందంతా చెప్పింది. అరెస్టులు చెప్పింది, సార్ చేసింది కూడా చెప్పింది. జాన్సన్ మాస్కు తీసి చెమట తుడుచుకున్నాడు. మా అందర్నీ అనుమానంగా చూశాడు.

"మీరంతా శాకాహారులా?"

"నేనూ, ఈ పిల్లా. తక్కినోళ్ళంతా వెల్డర్లు," అంది తెరేసమ్మ గారు.

అతను లారీలోకి తిరిగి చూశాడు. తను వేసిన అంతస్తు కింద వంగి కూర్చున్నాడు. తల పైరేకుకు తగిలింది. కాసేపు అలాగే ఉన్నాడు. షెడ్డు యజమాని బయటినుంచి అరుస్తున్నాడు, పోలీసులకు ఫోన్ చేస్తానంటున్నాడు.

"చేసుకోండి," అన్నాడు జాన్సన్. బయటికి వచ్చి గ్యాస్ కట్టర్ వెలిగించాడు. తను పొద్దుటినుంచి అతికిన అతుకుల్ని ఒక్కొక్కటే కోయడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు మా కాళ్ళ దాకా వచ్చాయి. పక్క షెడ్లవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మా వెనక నిలబడ్డారు.

పోలీసు జీపు మలుపు తిరిగింది. తెరేసమ్మ గారు చీర కొంగు నడుముకు దోపి లారీ చక్రాల ముందు కూర్చుంది. ఆవిడ పక్కన నేను కూర్చున్నాను. జాన్సన్ చివరి అతుకు కోశాడు. రేకు నేల మీద పడిన చప్పుడుకు జీపు ఆగిపోయింది.