హుబైస్ డాబా మీంచి కోట

జులైలో మా రేవూరు మత్రాలో పిల్లులు కూడా ఎండలోకి రావు. ఆగి ఉన్న కార్ల కింద పడుకుంటాయి. కారు కదిలితే తిట్టుకుంటూ లేచి పక్క కారు కిందికి జరుగుతాయి. అలాంటి ఎండలో మర్హూన్ మెడలో కెమెరా వేసుకుని, ఊళ్ళో పేరున్న కట్టడాలన్నిటి ముందూ నిలబడి ఫొటోలు తీస్తున్నాడు.

సరదాకి కాదు. ఏటేటా వచ్చే నగరం కేలండరుకి బొమ్మలు అతనివే. ఊళ్ళో ఏ హల్వా కొట్టుకి వెళ్ళినా, ఏ మంగలి షాపులో కూర్చున్నా గోడ మీద మర్హూన్ తీసిన కోటో, మసీదో, రేవో మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఆ పని చలికాలంలో చేసేది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది, గాలి పల్చగా ఉంటుంది. ఈసారి కేలండరు ఆఫీసులో పాత మేనేజరు వెళ్ళిపోయి, కొత్త మేనేజరు కుర్చీలో సర్దుకునేసరికి జులై వచ్చింది. సముద్రం మీంచి లేచిన ఆవిరి ఊరంతా బియ్యం కడిగిన నీళ్ళలా కప్పేసింది. కొండేదో, కోటేదో, ఆకాశమేదో తెలీని రోజులు.

దానికి తోడు కెమెరా సంగతొకటి. ఏసీ గదిలో చల్లబడిన కెమెరాని బయటికి తెస్తే అద్దానికి చెమట పడుతుంది. తుడిచినకొద్దీ పడుతుంది. అందుకని మర్హూన్ దాన్ని ఎప్పుడూ వేడిగానే ఉంచుతాడు. దాని కోసం కారులో ఏసీ కూడా వేసుకోడు. అద్దాలు దించుకుని, ఒంటి మీది పొడుగు చొక్కా, దిష్‌దాషా, వీపుకి అంటుకుపోయి, వేడి గాలి మొహాన కొడుతుంటే నడుపుకుంటూ పోతాడు.

"కెమెరాకి జలుబు చెయ్యకుండా చూస్తావు, నీకు జ్వరమొస్తే చూసేదెవరు?" అంటుంది వాళ్ళక్క శంసా.

ఆ రోజు పొద్దున కూడా అదే అంది. వంటింట్లో కింద కూర్చుని కొత్త ఖర్జూరాలకి తొడిమలు తీస్తోంది. మర్హూన్ నీళ్ళ సీసాలు సర్దుకుంటున్నాడు. భార్య పోయిన ఇల్లు కాబట్టి వంటిల్లు అక్కదే.

"ఇవాళెక్కడికి?"

"పొద్దున రియామ్ ధూపదాని. తర్వాత చేపల మార్కెట్టు. సాయంత్రం కోట."

"కోట ఎక్కణ్ణుంచి తీస్తావు?"

మర్హూన్ సీసా మూత బిగించాడు. కోటా, దాని కింద రేవూ, రేవులో ఓడలూ ఒకే చూపులో దొరికేది మత్రా మొత్తానికి ఒక్క డాబా మీంచే. అది శంసా మొగుడు హుబైస్ డాబా.

"బావ ఇంటి మీంచే," అన్నాడు.

శంసా చేతిలో ఖర్జూరం ఆగింది. ఆమె ఆ ఇల్లు వదిలొచ్చి మూడు వేసవులైంది. తల్లి ఇచ్చిన మందూస్‌ని, ఇత్తడి మేకులు కొట్టిన ఆ పెద్ద చెక్కపెట్టెని, ఒక మాటైనా అడక్కుండా హుబైస్ పాత సామాన్ల కొట్టుకి అమ్మేశాడు. ఆ మధ్యాహ్నమే ఆమె చెప్పులేసుకుని తమ్ముడింటికి నడిచొచ్చింది. రమ్మని హుబైస్ పిలవలేదు. తలాక్ ఇచ్చి వదిలెయ్యనూ లేదు. ఈలోగా బర్కాలో ఖర్జూరపు తోట ఉన్నాయన ఒకాయన, పెళ్ళాం పోయినవాడు, ఆమెని చేసుకుంటానని కబురంపాడు. మంచివాడు. ఎంత మంచివాడైనా ఎన్నాళ్ళు కూర్చుంటాడు?

"వెళ్తే వెళ్ళావు గానీ, కాఫీ కప్పు కింద పెట్టు తమ్ముడూ," అంది శంసా. "పోసిన కాఫీ తాగకుండా కింద పెట్టి నన్ను వదిలెయ్యమను. గుమ్మంలోకొచ్చినవాడు కప్పు కింద పెట్టాక ఇంటాయన కాదన్నాడంటే ఇంక బజార్లో తలెత్తుకోలేడు."

"కప్పు పెట్టకపోతే డాబా ఎక్కనివ్వడక్కా. మూడేళ్ళుగా మొహం చూడలేదు, ఊరికే ఎక్కనిస్తాడా? ఆ కప్పు డాబాకి కావాలి."

"రెండూ అడుగు."

"కప్పుకి ఒక్కటే కోరిక. రెండోది అడిగితే బిచ్చం. నాన్న చెప్పేవాడు గుర్తులేదూ."

"నాన్న చెప్పినవన్నీ నీకు అవసరానికే గుర్తొస్తాయి," అని శంసా పళ్ళెం దగ్గరికి లాక్కుంది. "పో. నీ కోట పెళ్ళి చూసుకో. నా పెళ్ళికి తొందరేముంది, యాభై దాటాను, అరవైలో చేసుకుంటా."

మర్హూన్ సీసాలు సంచిలో పడేసుకుని బయటపడ్డాడు.

రియామ్ దగ్గర కొండ మీద రాళ్ళు చెప్పుల్లోంచి కాలాయి. ధూపదాని ఆకారంలో కట్టిన తెల్లటి బురుజు తెల్లటి ఆకాశంలో కలిసిపోయి, ఎంతసేపు చూసినా గోడ మీద సున్నం మరకలాగే ఉంది. చేపల మార్కెట్టు దగ్గర పైకప్పు నీడలో కూర్చున్న ట్యూనా చేపలమ్మే ముసలాయన ఒకడు, "ఇటు తీయరా, నన్ను తీయి, నేనూ పాత కట్టడాన్నే," అని అరిచాడు. మర్హూన్‌కి నవ్వే ఓపిక లేక చెయ్యెత్తి చూపించి పోయాడు. కనుబొమ్మల మీంచి చెమట కంట్లోకి దిగి మండుతోంది. కెమెరా అద్దంలోంచి చూస్తే చూసిందంతా వణుకుతోంది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక కొత్త మేనేజరు యారుబ్ ఫోన్ చేశాడు.

"బాబాయ్, మీరు పంపినవన్నీ చూశాను. ఏమనుకోవద్దు. మసీదుని పాలల్లో ముంచి తీసినట్టుంది."

"జులై బాబూ. ఊరే పాలల్లో మునిగుంది."

"జనానికి జులై తెలీదు బాబాయ్, గోడ మీద బొమ్మ తెలుసు. రేపు పొద్దున్నే ప్రెస్సుకి ఇవ్వాలి. అట్ట మీదికి కోట ఒక్కటి బాగా వస్తే మిగతావాటికి నేను సర్ది చెప్పుకుంటా, వచ్చే ఏడూ మీరే. అదీ రాకపోతే డ్రోన్ వాళ్ళకి ఇచ్చెయ్యమంటున్నారు పైవాళ్ళు. వాళ్ళు ఏసీ గదిలో కూర్చుని తీస్తారంట."

"అదృష్టవంతులు," అన్నాడు మర్హూన్.

సాయంత్రానికి పడమటి గాలి తిరిగింది. మర్హూన్ ఎదురుచూసింది ఆ గాలి కోసమే. ఆవిరి తెర కాస్త చిరిగి, కొండలు ఒక్కొక్కటే గోధుమరంగులో బయటపడ్డాయి. ఇంకో గంటలో ఎండ ఏటవాలుగా కోట గోడ మీద పడుతుంది. కారు హుబైస్ ఇంటి ముందు ఆపి, కెమెరా సంచి సీటులోనే ఉంచి, గుమ్మంలో నిలబడి గట్టిగా దగ్గాడు.

హుబైస్‌కి రేవు దగ్గర తాళ్ళూ లంగర్లూ అమ్మే కొట్టుంది. మోకాళ్ళు పోయాక కొట్టు మేనల్లుడికి అప్పగించి ఇంట్లోనే ఉంటున్నాడు. తలుపు తెరిచి, కళ్ళు చికిలించి చూశాడు.

"ఎవరూ, కేలండరు దొరా. ఈ ఇంటి దారి మర్చిపోయావనుకున్నా."

"నేను మర్చిపోలేదు బావా. కాళ్ళు మర్చిపోయాయి."

"ఎండలో గుర్తొచ్చిందన్నమాట. రా, లోపలికి రా. సంచేదిరా? ఎప్పుడూ మెడలో ఉంటుంది గదా."

"కార్లో ఉంది. అక్కడే ఉండనీ బావా."

"నా ఇంటికొచ్చినవాడి సామాను వీధిలో ఎండుతుందా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

వద్దంటున్నా వినకుండా కుంటుకుంటూ వెళ్ళి, సంచి తెచ్చి, సరిగ్గా ఏసీ కింద చల్లగాలి తగిలేచోట పెట్టాడు. మర్హూన్ కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, అద్దం చల్లబడుతుంది. సరే, డాబా ఎక్కగానే కాసేపు ఎండలో పెడితే చెమట ఆరుతుంది. పొద్దు దిగేలోపు టైముంది.

గోడవారగా కూర్చున్నారు. హుబైస్ పళ్ళెం ముందుకి తోశాడు.

"ఏం కబుర్లు?"

"కబుర్లేం లేవు. అంతా క్షేమం. మీ కబుర్లు?"

"కబుర్లేం లేవు. రేవులో ఏం విశేషం?"

"ఏం లేదు."

కబుర్లేం లేవని ఇద్దరూ ఒకరికొకరు తనివితీరా చెప్పుకున్నారు. ఆ చల్లటి గదిలో చెమట ఆరుతుంటే మర్హూన్ ఒళ్ళు చలిజ్వరం వచ్చినట్టు జలదరించింది. ఎదురుగా గోడకి ఒక జాగా ఖాళీగా ఉంది. తివాచీ మిగతా అంతా రంగు వెలిసింది గానీ, అక్కడ మాత్రం నలుచదరంగా కొత్త ఎరుపు. మందూస్ ఉండే జాగా అది. ఇన్నాళ్ళైనా హుబైస్ అందులో ఒక దిండు కూడా పెట్టలేదు. దాని పక్కనే డాబా మెట్ల తలుపు. తలుపు సందులోంచి పచ్చటి ఎండ గీతలా పడుతోంది. ఎండకి రంగొచ్చేసింది.

హుబైస్ ఎడంచేత్తో చెంబు వంచి, కుడిచేత్తో కప్పు అందించాడు. మర్హూన్ అందుకున్నాడు. ఒక్క క్షణం పట్టుకున్నాడు. తర్వాత తాగకుండా తివాచీ మీద పెట్టాడు.

హుబైస్ చేతిలో చెంబు అలాగే గాల్లో ఆగిపోయింది.

"బావా," అన్నాడు మర్హూన్. పొద్దుటి నుంచి ఎండ తాగిన గొంతు, మాట అంగిలికి అంటుకుపోయింది.

హుబైస్ చెయ్యెత్తాడు. "చెప్పకు. నా ఇంట్లో కప్పు కింద పెట్టినవాడు నోరు తెరిచి అడుక్కోనక్కర్లేదు. ఎందుకొచ్చావో నాకు తెలుసు. ఇచ్చేశాను. తాగు."

మర్హూన్ తెల్లబోయి మెట్ల తలుపు వైపు చూశాడు. డాబా సంగతి ఈయనకెలా తెలిసింది?

"రేపే కోర్టుకి వచ్చి కాగితం మీద వేలు పెడతా," అన్నాడు హుబైస్, చెంబు కింద పెట్టి. "మీ అక్కని వదిలేశాను. బర్కా పోతుందో, బాగ్దాద్ పోతుందో దాని ఇష్టం."

మర్హూన్ మెట్ల తలుపు మీంచి చూపు తిప్పి బావ మొహంలోకి చూశాడు.

"అలా చూస్తావేంట్రా? మూడు వేసవులుగా ఎదురుచూస్తున్నా, మీలో ఎవడో ఒకడు వచ్చి ఆ కప్పు కింద పెడతాడని. నాకై నేను వదిలితే ఓడిపోయినట్టు. మీరడిగితే ఇచ్చినట్టు. అంతే తేడా. అంత చిన్న తేడాకి నువ్వు ఇంత ఆలస్యం చేశావు." గొంతు తగ్గించాడు. "ఆ పెట్టె కోసం వెతికించాను. ఎవడో ఓడెక్కించి పట్టుకుపోయాడంట. ఆ మాట దానికి చెప్పకు."

సందులోంచి పడే ఎండ గీత తివాచీ మీద ఎర్ర చదరం దాకా వచ్చింది. నేను అడగొచ్చింది అది కాదు బావా, డాబా, అంటే చాలు. డాబా ఇస్తాడు. నవ్వుతూ ఇస్తాడు. అడక్కుండానే ఇచ్చిన అక్క విడుదల మాత్రం చెంబులోకి తిరిగి పోతుంది, మళ్ళీ పొయ్యమన్నా పొయ్యడు. పైన కోట గోడలు ఈపాటికి బంగారు రేకులా ఉండుంటాయి. కింద నీళ్ళు, ఓడలు. ఏళ్ళ తరబడి హల్వా కొట్లలో వేలాడిన తన బొమ్మలన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

మర్హూన్ కప్పు తీసుకున్నాడు. కాఫీ చల్లారిపోయింది. తాగాడు.

హుబైస్ గట్టిగా ఊపిరి వదిలి మళ్ళీ పోశాడు. "వచ్చినప్పట్నుంచీ ఆ మెట్ల వైపే చూస్తున్నావు. ఇంకేమన్నా ఉందా?"

"ఏం లేదు బావా. మీ పెళ్ళైన కొత్తల్లో వేసవికి అందరం పైనే పడుకునేవాళ్ళం. అది గుర్తొచ్చింది."

"ఇప్పుడెవరు పడుకుంటారు," అన్నాడు హుబైస్. "నేను ఎక్కి రెండేళ్ళైంది. మోకాళ్ళు." చెంబు మళ్ళీ వంచబోయాడు.

మర్హూన్ కప్పుని అటూ ఇటూ ఊపి, చాలని తిరిగిచ్చాడు.

బయటికొచ్చేసరికి అద్దం మీద అనుకున్నట్టే చెమట. తుడిచాడు, పట్టింది. మళ్ళీ తుడిచాడు. రోడ్డు వారగా నిలబడి కెమెరాని ఎండకి చూపిస్తూ ఉన్నాడు, పసిపిల్లకి ఎండ చూపించినట్టు. రోడ్డు మీంచి చూస్తే కోట సగం, దాని ముందు కరెంటు స్తంభం, ఎవరిదో నీళ్ళ టాంకు. అద్దం పూర్తిగా ఆరకముందే పొద్దు కొండ వెనక్కి జారింది. అయినా ఒక ఫొటో తీశాడు. ఉడుకుతున్న గిన్నె మీద గాజు మూతలోంచి చూసినట్టుంది కోట. అదే పంపించాడు.

ఇంటికొచ్చేసరికి యారుబ్ దగ్గర్నుంచి జవాబు వచ్చి ఉంది. "సరే బాబాయ్. మీరు విశ్రాంతి తీసుకోండి. డ్రోన్ వాళ్ళకి చెప్పేశాను." మర్హూన్ ఫోన్ బోర్లా పెట్టాడు.

శంసా కెమెరా అందుకుని వెనక తెర మీదున్న బొమ్మ చూసింది.

"ఇదేంట్రా, పెరుగు గిన్నెనా?"

"కోట."

"బావ డాబా ఎక్కనివ్వలేదా?"

"నేనే ఎక్కలేదు." గోడకి జారబడి కాళ్ళు చాపుకున్నాడు. "రేపు కోర్టుకొస్తానన్నాడు. నిన్ను వదిలేశాడు."

శంసా కెమెరాని ఒళ్ళో పెట్టుకుంది.

"కప్పు పెట్టావా?"

"పెట్టాను."

"ఏమని అడిగావు?"

"అడిగేలోపే ఇచ్చేశాడు."

"నువ్వు అడగబోయింది డాబానే గదా."

మర్హూన్ అబద్ధం చెప్పే ఓపిక కూడా లేక తలూపాడు.

"మరి అది కాదని చెప్పాల్సింది. కప్పు ముట్టకుండా ఉండాల్సింది," అంది శంసా. "ఎందుకు తాగావు?"

"దాహం వేసిందక్కా."

శంసా లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ పెట్టలేదు. ఉప్పేసి చిలికిన మజ్జిగ పెద్ద చెంబుతో తెచ్చి చేతికిచ్చి, ఎదురుగా నిలబడింది. మర్హూన్ రెండు చేతులతో పట్టుకుని, ఎక్కడా కింద పెట్టకుండా మొత్తం తాగేశాడు.