పదిన్నర బీడీ

బీడీని తిట్టినంతగా నేను ఈ లోకంలో ఇంకేదాన్నీ తిట్టలేదు. నా మొగుడు పరశురాములును మింగింది అదే. కొత్తకోట చుట్టుపక్కల మంచి తాపీ మేస్త్రీ అని పేరు తెచ్చుకున్న మనిషి, ఆఖరి ఏడాది ఇంట్లోంచి వాకిట్లోకి రావడానికి రెండుసార్లు గోడ పట్టుకుని ఆగేవాడు. పెద్ద దవాఖానలో డాక్టరు రోజుకు ఎన్ని బీడీలని అడిగితే ఒక కట్ట అన్నాడు. రెండు కట్టలని నేను చెప్పాను. చావు దగ్గరికొచ్చినా మనిషి చేత అబద్ధమాడించే వస్తువది.

అందుకే నా తమ్ముడు ఎల్లేశం బీడీ మానేశానని చెప్పిన రోజు నాకంటే సంతోషపడ్డ మనిషి జడ్చర్లలో ఉండడు. వాడికీ దగ్గు మొదలైంది. మూడేళ్లుగా నేను వాడి వెంటపడి, ఏడ్చి, అన్నం మానేసి చెప్పిన మాట అది. నా మాట నెగ్గిందని మురిసిపోయాను. ఎంత తెలివితక్కువ మురిపెమో తర్వాత తెలిసింది.

జడ్చర్ల బయట మూడంతస్తుల హాస్టలు కడుతున్నాం. ఎల్లేశం మేస్త్రీ, వాడితో కలిపి తొమ్మిది మంది మగవాళ్లు, మేం ఐదుగురం ఆడవాళ్లం. వాళ్లు గోడలు కడతారు, మేం తట్టల్లో సిమెంటు మాలు మోస్తాం. పొద్దున పదిన్నరకు, సాయంత్రం నాలుగింటికి బీడీ టైము. ఎవడు పెట్టాడో తెలియదు, నేను పనిచేసిన ప్రతి సైటులోనూ ఉంది. మగవాళ్లు తాపీలు కిందపెట్టి నీడకు పోయి ఒక్కో బీడీ ముట్టిస్తారు. పది నిమిషాలు. ఆడవాళ్లం తాగము కాబట్టి మాకు ఏ టైమూ లేదు. కానీ మాలు అందుకునేవాడే లేకపోతే తట్ట మోసుకుపోయి ఎవరికిస్తాం? అట్లా వాళ్ల పొగ పుణ్యాన మేమూ నడుము వాల్చేవాళ్లం. నోటితో పొగను తిడుతూ ఆ పది నిమిషాలూ హాయిగా వాడుకున్నాను, అబద్ధమెందుకు.

మాలో గ్లోరీకి మాత్రం ఆ పది నిమిషాలు నడుము కోసం కాదు. ఆమెకు నాలుగు నెలల ఆడపిల్ల. మొగుడు పుణె వైపు రోడ్డు పనికి పోయాడు. నా పక్క గదిలోనే కిరాయికి ఉంటుంది, నన్ను అత్తా అని పిలుస్తుంది. చంటిదాన్ని సైటులో మెట్ల కింద చీర ఉయ్యాలలో వేసి పనిలోకి ఎక్కుతుంది. కాపలా ఎవరూ లేరు, ఏడిస్తే పైకి వినిపిస్తుంది, అదే కాపలా. ఆ పిల్ల సీసా పట్టదు. డబ్బా పాలు చెంచాతో పోస్తే మొత్తం మన మీదికే ఉమ్ముతుంది. పదిన్నరకు మగవాళ్లు అగ్గిపెట్టె తీశారో లేదో గ్లోరీ మెట్లు దిగి ఉరికేది. మళ్లీ అన్నం వేళకు, మళ్లీ నాలుగింటికి. ఆ పిల్ల బతుకంతా ఆ మూడు పూటల మీద నడుస్తోంది.

ఎల్లేశానికి బీడీకి బదులు ఛార్జింగు బీడీ, అంటే ఫోనులా ఛార్జింగు పెట్టి పొగ పీల్చే గొట్టం, అలవాటు చేసింది సూపర్‌వైజరు విజేందర్. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్లద్దాలు, ఇటుక ముట్టని చేతులు. సర్కారు అమ్మకూడదని బందు పెట్టిన వస్తువే అయినా పట్నంలో ఎవడో తెలిసినవాడు చాటుగా అమ్ముతాడట. నిప్పుండదు, బూడిదుండదు, దగ్గుండదు అని చెప్పాడట. మొదట తెచ్చింది పెన్నులా సన్నగా ఉండేది. రెండో రోజుకే దాని మూతిలో సిమెంటు పట్టి గడ్డకట్టింది. మా వాడు పిన్నీసు పెట్టి పొద్దంతా పొడిచాడు. రెండోదానికి ముందువైపు అద్దముంది. పరంజా మీద వంగినప్పుడు జేబులోంచి జారి కంకర మీద పడి ముక్కలైంది. మూడోది మే నెల ఎండకు కాగి లోపలి రసమంతా కారింది. తియ్యటి జిగురు అంగీకి అంటుకుని మేస్త్రీ ఛాతీ నిండా చీమలు పట్టాయి. నాతో మాలు మోసే ప్రమీలమ్మ కింద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అన్నీ ఇట్లాగే పాడైతే విసుగొచ్చి అదీ మానేస్తాడనుకున్నాను.

నాలుగోది అట్లాంటిది కాదు. ఇనుప ఒళ్లు, పైన మందపాటి రబ్బరు తొడుగు, మూతికి తిప్పి మూసే మూత, ఛార్జింగు పెట్టే చోట రబ్బరు బిరడా. ఎల్లేశం దాన్ని పరీక్షించినంత శ్రద్ధగా పెళ్లిచూపుల్లో పిల్లను కూడా చూడలేదు. స్లాబు మీద నీళ్లు కొట్టే తొట్టిలో ముంచి, అన్నం తిని చెయ్యి కడుక్కునేదాకా అందులోనే ఉంచాడు. తీసి దులిపి పీలిస్తే పొగ వచ్చింది. రెండో అంతస్తు నుంచి ఇసుక మీదికి వేశాడు, తర్వాత కంకర మీదికి వేశాడు. దాంతో సెంట్రింగ్ చెక్కకు మేకు కొట్టాడు. తొడుగు మీద ఒక గీత పడింది, అంతే. మన పనికి తగ్గది ఇదేనని మగవాళ్లందరికీ చేతికిచ్చి చూపించాడు.

వారం తిరగకముందే విజేందర్ అట్లాంటివే మరో ఎనిమిది తెచ్చి అందరికీ ఊరికే పంచాడు. ఊరికే ఎందుకిచ్చాడో సోమవారం తెలిసింది. వానలు పడకముందే స్లాబు పూర్తికావాలి, ఇక బీడీ టైము లేదన్నాడు. ఛార్జింగు బీడీకి కూర్చునే పనిలేదు, తాడు కట్టి మెడలో వేసుకుని పనిచేస్తూనే పీల్చుకోవచ్చన్నాడు. మగవాళ్లకు అది గొప్పగానే తోచింది. ఒక చేతిలో తాపీ, నోట్లో గొట్టం, సైటంతా మిఠాయి దుకాణం వాసన.

ఆ రోజు పదిన్నరకు ఎవరూ ఆగలేదు. పదకొండింటికి కింద నుంచి పిల్ల ఏడుపు మొదలైంది. గ్లోరీ తట్ట నెత్తిన పెట్టుకుని నా ముందు మెట్లెక్కుతోంది. రవిక ముందంతా తడిసి కనిపించింది. కొంగు సర్దుకుంది. మరో రెండు తట్టలు మోసేసరికి కొంగూ తడిసింది. ఒంటిగంటకు కిందికి పోయేసరికి పిల్ల ఏడ్చి ఏడ్చి పడుకుంది. లేపి రొమ్ము నోట్లో పెడితే నాలుగు గుక్కలు తాగి మళ్లీ కళ్లు మూసింది.

పది రోజులకు అంగన్‌వాడీలో తూకం వేస్తే పిల్ల పెరగాల్సింది పోయి తగ్గింది. ఇట్లాగే ఉంటే పట్నంలో నీలోఫరు దవాఖానకు తీసుకుపోవాల్సి వస్తుందని టీచరు గట్టిగానే చెప్పిందట. గ్లోరీ విజేందర్ దగ్గరికి పోయి పది నిమిషాలు అడిగింది. పిల్లల్ని సాకుకునేవాళ్లు ఇంట్లో ఉండాలని చెప్పి ఫోను చూసుకున్నాడు. ఇంట్లో ఉంటే ఏం తింటుందో అతను చెప్పలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడే కదా అని ఎల్లేశాన్ని పట్టుకున్నాను. ఒక్కదానికి వదిలితే రేపు అందరూ అడుగుతారన్నాడు. ఇన్నేళ్లూ తొమ్మిది మందికి రెండు పూటలా ఎట్లా వదిలావని అడిగాను.

"అది వేరేనక్కా. బీడీ తాగెటోనికి తాగకుంటె చెయ్యి ఆడదు. పని కరాబైతది."

"పాలు లేకుంటె పిల్ల సస్తది. అది కరాబు గాదా?"

"నేనేం జెయ్యాలె? బీడీ మానుమని నువ్వే గద నా పానం తిన్నది. మానిన. ఇప్పుడు టైము లేదని నన్నే తిడ్తున్నవ్."

ఆ మాట నిజమే. నిజం కావడం వల్ల కోపం ఇంకా పెరిగింది. మర్నాడు వాడు మొహం కడుక్కుంటుంటే ఆ ఛార్జింగు బీడీని తీసి మాలు కలిపే మిల్లరులో వేశాను. ఎవరూ చూడలేదు. మూడు తిప్పులు తిరిగి కంకరతో పాటు బయటపడింది. వాడు ఏరుకుని, నీళ్లతో కడిగి, మూత తిప్పి పీల్చాడు. గుప్పున పొగ వచ్చింది. చచ్చినా చావని వస్తువును ఎంచుకున్నాడు నా తమ్ముడు.

ఆఖరుసారిగా శనివారం ఆడవాళ్లం ఐదుగురమూ కలిసి విజేందర్‌ను అడిగాం. అతను నవ్వాడు.

"ఆ టైము బీడీ తాగేటోళ్లది. మీల ఎవలన్న తాగుతె చెప్పుండ్రి, కూసోండ్రి, నేనొద్దంటనా?"

మగవాళ్లలో ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఎల్లేశం నవ్వలేదు కానీ తలా ఎత్తలేదు. ఆ తల ఎత్తకపోవడమే నాకు ఎక్కువ కాలింది.

ఆదివారం సాయంత్రం గల్లీ చివర దుకాణంలో బీడీ కట్ట అడిగాను. పరశురాములు పోయాక ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. దుకాణపాయన చుట్టాలొచ్చారా అని అడిగాడు. అవునన్నాను.

సోమవారం పదిన్నరకు తట్ట కిందపెట్టాను. ఇసుక కుప్ప పక్కన, మగవాళ్లు ఇదివరకు కూర్చున్న నీడలోనే కూర్చున్నాను. ప్రమీలమ్మ, ఉప్పలమ్మ, లక్ష్మీనర్సమ్మ వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఉప్పలమ్మ పాత కాలం మనిషి, చిన్నప్పుడు చుట్ట తాగిందట, ఆమె ఇట్టే ముట్టించింది. నాకు మూడు పుల్లలు ఆరిపోయాయి. నాలుగో పుల్లకు అంటుకుంది. మొదటి దమ్ముకే గొంతు కోసినట్టయి కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆ వాసన తగలగానే మంచం మీద నా మొగుడు గుర్తుకొచ్చాడు, డొక్కలెగిరిపడే ఛాతీతో సహా. గ్లోరీని మాత్రం తాగనియ్యలేదు. నువ్వు పో అన్నాను. ఆమె మెట్ల కిందికి ఉరికింది.

మాలు రాక పైన పని ఆగింది. విజేందర్ కేకలేసుకుంటూ దిగి వచ్చాడు. నేను బీడీ చూపించి, మీరు చెప్పిందే చేస్తున్నామన్నాను. అతను ఎల్లేశం వైపు తిరిగి ఈ ఆడవాళ్లందర్నీ మార్చెయ్యమన్నాడు. స్లాబు ముందర పెట్టుకుని ఐదుగురిని ఎక్కడి నుంచి తేవాలని ఎల్లేశం గొణిగాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. మొహం నల్లబడిపోయింది.

"అక్కా, పారెయ్యి."

నేను ఇంకో దమ్ము లాగాను. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"బావ ఎట్ల పోయిండో మరిసినవా?"

"మరువలే."

వాడు నా నోట్లోంచి బీడీ లాగి చెప్పుతో తొక్కాడు. మగవాళ్లందరూ పరంజా మీద నుంచి చూస్తున్నారు. నేను కట్టలోంచి ఇంకొకటి తీశాను. ఈసారి ఒక్క పుల్లకే ముట్టింది. ఎన్ని తొక్కుతాడో తొక్కనీ, కట్టలో ఇంకా చాలా ఉన్నాయనుకున్నాను. వాడు తొక్కలేదు. మెట్ల కింద గ్లోరీ పిల్లను రెండో పక్కకు మార్చుకుంది. ఆ పక్క కూడా తాగడం అయ్యేదాకా బీడీ లాగి లేచాను.

అప్పటి నుంచి పదిన్నరకు, నాలుగింటికి బీడీ టైము ఉంది, ఆడవాళ్లది. విజేందర్ మొహం తిప్పుకుని పోతాడు. ఎల్లేశం నాతో మాలు, ఇటుక అనే మాటలు తప్ప ఇంకేం మాట్లాడటం లేదు. నెల రోజుల తర్వాత తూకంలో పిల్ల అరకిలో పెరిగింది. నాకు పొద్దున లేవగానే దగ్గు వస్తోంది.

మొన్న ఆదివారం వాడు నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. జేబులోంచి కొత్త ఛార్జింగు బీడీ తీసి నా ముందు పెట్టాడు. రబ్బరు తొడుగుది, అదే గట్టి రకం.

"నీళ్లల్ల పడ్డా ఏంగాదు. బీడీ అంత కరాబు గూడ గాదు. జర దీన్ని తాగక్కా, నీ దగ్గు ఇంటుంటె నాకు బావే యాదికొస్తుండు."

వాడి కళ్లు తడిగానే ఉన్నాయి. నాకు జాలి వేసింది, దాన్ని మించి కోపం వచ్చింది.

"దీనికి కూసునే పని లేదు గదరా."

వాడు దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని మూత తిప్పాడు.

"నువ్వు మేస్త్రీవి. రేపు పదిన్నరకు అందరి ముందర నిలబడి, పని ఆపుండ్రి, పిల్లకు పాలిచ్చే టైమైంది అని ఒక్క మాట అను. ఈ కట్టను నీ కండ్ల ముందే పొయ్యిల పెడ్త."

విజేందర్ సారు ఏమంటాడోనని ఒకసారి, మగవాళ్లు నవ్వుతారని ఒకసారి అన్నాడు. ఆ తర్వాత ఆ వస్తువును గడప మీద వదిలి వెళ్లిపోయాడు.

మర్నాడు పదిన్నర అయింది. వాడు పరంజా మీద నిలబడి ఇటుకలు పేరుస్తూనే ఉన్నాడు, మెడలోని గొట్టం నోట్లో పెట్టుకుని. కాసేపు వాడి నోటి వైపే చూశాను. తర్వాత తట్ట దించి బీడీ ముట్టించాను. గ్లోరీ మెట్ల కిందికి పోయింది.