అల్లుడుగారి ఆఖరి ముద్ద

1974 ఆగస్టులో ఒక గురువారం, పగలు పదకొండు దాటాక, విజయవాడ పశువుల ఆసుపత్రి వెనక వరండాలో ఒక ముసలి కుక్క చనిపోయింది. ఇంజక్షను ఇచ్చింది డాక్టరు రామకోటేశ్వరరావు. తల పట్టుకున్నది అటెండరు హనుమయ్య. కుక్క పేరు మోతీ అని తెచ్చినవాళ్లు చెప్పారు. కాదని ఇంకొకామె చెప్పింది. తక్కిన విషయాల్లో ఎవరికీ పేచీ లేదు.

ఆ ఉదయం హనుమయ్య ఒక గేదె నోట్లో వెదురు గొట్టం పెట్టి మందు పోస్తుండగా గేటు ముందు రిక్షా ఆగింది. గేదె సగం మందు మింగి, మిగతా సగం అతని ఖాకీ చొక్కా మీద చీదింది. హనుమయ్య చొక్కా సంగతి పట్టించుకోకుండా రిక్షా వైపు చూశాడు. వైద్యానికి వచ్చేవాళ్లు రిక్షా ఆగకముందే దిగుతారు. ఆఖరి ఇంజక్షనుకు వచ్చేవాళ్లు ఆగాక కూడా దిగరు. రిక్షాలో ఉన్న మొగుడూ పెళ్లాం దిగలేదు. హనుమయ్య గొట్టం గేదె ఆసామి చేతికిచ్చి, చేతులు కడుక్కుని, తనే వెళ్లాడు.

హనుమయ్యకు ఈ ఉద్యోగం మేనమామ వేయించాడు. ఆసుపత్రిలో పని అన్నాడే గాని ఎవరి ఆసుపత్రో చెప్పలేదు. హనుమయ్య కూడా ఉయ్యూరులో పిల్లనిచ్చినవాళ్లకు అంతే చెప్పాడు. పెళ్లయిన ఏడాదికి అత్తగారు మోకాళ్ల నొప్పులకు చూపించుకుందామని అల్లుడికి చెప్పకుండా బస్సెక్కి వచ్చి, రెండు గేదెల మధ్య వరసలో నిలబడింది. ముందు గేదె అయ్యాక తన మోకాళ్లు చూపించింది. అప్పటి డాక్టరు మర్యాదస్తుడు, తైలం రాసిచ్చాడు. నొప్పులు తగ్గాయి. అయినా ఉయ్యూరులో హనుమయ్య పరువు తిరిగి రాలేదు. భార్య సంపూర్ణమ్మ ఆనాడు పెట్టిన నియమం ఇంకా నడుస్తోంది: పని నుంచి వచ్చినవాడు దొడ్డిదారిన వచ్చి, స్నానం చేశాకే గడప తొక్కాలి. ఇంట్లో పిల్లినీ, చిలకనూ కూడా పెంచకూడదు. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల జంతువులను పట్టుకుంటున్న హనుమయ్యకు తనదంటూ ఒక జంతువు లేదు.

మందిచ్చి చంపడం అని అతను ఎప్పుడూ అనడు. సాగనంపడం అంటాడు. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పటి మాట ఇక్కడెందుకని డాక్టరుకు చిరాకు. డాక్టరు వాడే ఇంగ్లీషు మాట హనుమయ్యకు నోరు తిరగదు.

సాగనంపడానికి అతని పద్ధతులు అతనికున్నాయి. జంతువు తన ఇంటివాళ్ల చేతి ముద్ద తిని పోవాలి. ఖాళీ కడుపైతే మంచిదని డాక్టరు అంటాడు. అది నిజమేనని హనుమయ్య ఒప్పుకుంటాడు, ఒప్పుకుని ముద్ద పెట్టిస్తాడు. తరవాత ఇంటివాళ్ల చేత దాని మీద చాడీలు చెప్పిస్తాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో దాని మంచితనం తలుచుకోమనేవాడు. జనం తలుచుకుని ఏడ్చేవారు, ఆ ఏడుపు విని జంతువు బెదిరేది. పటమట నుంచి వచ్చిన ఎద్దు ఒకటి అట్లాగే బెదిరి ప్రహరీ దూకింది. ఆసామి ఏడుపు మాని దాని వెనక పరిగెత్తాడు. ఆ ఎద్దు ఇంకో వేసవి బతికింది. అప్పటినుంచి హనుమయ్య చాడీలే అడుగుతున్నాడు. చాడీలు చెప్పేటప్పుడు మనిషి గొంతు ఇంట్లో రోజూ ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంటుంది.

రిక్షాలో వచ్చినాయన మల్లేశ్వరరావు, వన్ టౌన్‌లో చేనేత బట్టల కొట్టు. భార్య బాలత్రిపురసుందరిని అంత పేరు పిలిచే తీరిక లేక అందరూ సుందరమ్మ అంటారు. కుక్క వాళ్ల కాళ్ల దగ్గర మడత పంచె మీద పడుకుని ఉంది. సుందరమ్మ ఒళ్లో అరిటాకు మూసిన కంచు గిన్నె, అందులో పెరుగన్నం.

కుక్కను వెనక వరండాలోకి చేర్చాక సుందరమ్మ సంగతంతా చెప్పింది. మామగారు పోయిన నెలకు ఈ కుక్క, పిల్లగా ఉన్నప్పుడు, ఎక్కణ్ణుంచో కొట్లోకి వచ్చి ఆయన ఆనుకునే బాలీసు పక్కన పడుకుంది. ఆయనే తిరిగి వచ్చాడని అత్తగారు చౌడేశ్వరమ్మ తేల్చేసింది. వాళ్లది నీచు తగలని ఇల్లు. కుక్కకూ పప్పన్నం, పెరుగన్నమే. అంతేకాదు, ఏకాదశినాడు అది ముద్ద ముట్టేది కాదు. ఆ ముచ్చట పేటంతా పాకింది. గుళ్లో పురాణం చెప్పే పంతులుగారు మనుషుల్ని మందలించాల్సి వచ్చినప్పుడల్లా ఈ కుక్క మాట ఎత్తేవారు. చౌడేశ్వరమ్మ దానికి ఈ కంచు గిన్నెలోనే, తన చేత్తోనే, మీరు అంటూ పెట్టేది. పోయిన ఏడాది మంచం మీద కోడలి చెయ్యి పట్టుకుని, ఆయన్ను ఆకలితో పంపొద్దని చెప్పి కన్ను మూసింది. ఇప్పుడది నాలుగు రోజులుగా ఏమీ తినడం లేదు.

"ఒక్క ముద్ద తింటే చాలు హనుమయ్యా" అంది సుందరమ్మ. "తినకుండా పోతే రేపు అత్తయ్యకు నేనేం చెప్పుకోను?"

డాక్టరు వచ్చి కుక్క పొట్ట నొక్కి చూశాడు. మూత్రపిండాలు పోయాయి, అది తినదు, తిండి గురించి చూడొద్దన్నాడు. పశువుల టీకాలకు గన్నవరం వెళ్లాలి, జీపు వచ్చేసిందన్నాడు. గేటు దగ్గర డ్రైవరు హారను కొట్టాడు.

హనుమయ్య పెరుగన్నం పెట్టించాడు. కుక్క మొహం తిప్పుకుంది. బెల్లం ముక్క నాలిక మీద పెడితే జారి పడింది. పాలు కింద పారాయి. ముద్ద తరవాత చేయాల్సిన పని ముందు చేసి చూద్దామని హనుమయ్య చాడీలు అడిగాడు.

మల్లేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. దసరా ముందు వచ్చిన చీరల మూటలో పైది కొరికి పెట్టిందన్నాడు. అమ్మకం పన్ను ఆఫీసరు సైకిలును తప్ప ఇంకే సైకిలునూ తడిపేది కాదన్నాడు. సుందరమ్మ అసలు చాడీ చెప్పింది. పన్నెండేళ్లు, రోజూ భోజనాల వేళకు అది మాయమయ్యేది. వచ్చాక మూతి అత్తగారి కుచ్చెళ్లకు తుడిచేది. ఆయనకూ అదే అలవాటుండేదని చౌడేశ్వరమ్మ మురిసిపోయేది. ఉతికేది మాత్రం సుందరమ్మ.

కుక్క చెవులు కదిలాయి గాని నోరు తెరవలేదు. హారను మళ్లీ మోగింది.

ఆ సమయంలో నాంచారమ్మ మేకను నడిపిస్తూ వెనక వైపుకు వచ్చింది. ఆమె కాలవ వంతెన దగ్గర గంపలో చేపలమ్ముకుంటుంది. మేక ఎవరింట్లోనో పెళ్లిభోజనాల అన్నం తిని పొట్ట ఉబ్బించుకుంది. మందు పోసి, ఉబ్బరం తగ్గేదాకా ఆసుపత్రి చుట్టూ నడిపించమని హనుమయ్యే చెప్పాడు. ఆమె వరండా ముందు ఆగింది. అప్పటిదాకా కదలని కుక్క తోక నేలను కొట్టింది.

"ఇదేంటి, అల్లుడుగారిని ఇక్కడ పడుకోబెట్టారు?" అంది నాంచారమ్మ.

అల్లుడెవరని సుందరమ్మ అడిగింది.

"ఇతనేనమ్మగారూ. మధ్యాహ్నం వేళకొస్తాడు. పెట్టింది తింటాడు. బాగుందనడు, బాగాలేదనడు. మూతి తుడుచుకుని పోతాడు. అల్లుడనక ఏమంటాం?"

"ఏం పెట్టేదానివి?"

నాంచారమ్మ సుందరమ్మ బొట్టు చూసింది, గిన్నెలో పెరుగన్నం చూసింది. మేక త్రేన్చింది.

"చెప్పమంటారా?"

"చెప్పు."

"చేప తలకాయలండి. ఏకాదశినాడైతే రెండు. ఆ రోజు మీ పేటలో బేరాలుండవు, మిగిలిపోతాయి."

సుందరమ్మ మొగుడి వైపు చూసింది. మల్లేశ్వరరావు గోడ మీద టీకాల క్యాలెండరు వైపు చూశాడు. డాక్టరు గడియారం చూసుకున్నాడు.

"అయితే అమ్మ చెప్పింది నిజమే" అన్నాడు మల్లేశ్వరరావు. "నాన్నే."

వాళ్ల నాన్న నూలు బేరానికి బందరు వెళ్లినప్పుడల్లా ఒక పూటకూళ్లింట్లో చేపల పులుసు తినేవాడట. వెంట వెళ్లిన కొడుకు చేత అమ్మకు చెప్పనని ఒట్టు వేయించుకునేవాడట. ఇన్నేళ్ల కాపురంలో తనకొక్కసారైనా చెప్పలేదేమని సుందరమ్మ అడిగింది. ఒట్టు కదా అన్నాడు మల్లేశ్వరరావు.

నాంచారమ్మ మేక తాడు వరండా స్తంభానికి కట్టి, ముందు వైపు దింపిన గంపలోంచి తన క్యారేజీ తెచ్చింది. మూత తీయగానే కుక్క తల ఎత్తింది. నాలుగు రోజుల్లో అదే మొదటిసారి. ఆమె కూర్చుని ముద్ద కలపబోతుంటే హనుమయ్య ఆపాడు. ఇంటివాళ్ల చేత్తో పెట్టాలన్నాడు.

"మేము కాదా ఇంటివాళ్లం? పన్నెండేళ్ల అల్లుడు" అంది నాంచారమ్మ.

రెండిళ్లున్న జంతువు హనుమయ్యకు ఎప్పుడూ ఎదురుపడలేదు. డాక్టరు వైపు చూశాడు. ఇది తన చదువులో లేదని డాక్టరు అన్నాడు.

సుందరమ్మ కంచు గిన్నె ముందుకు తోసింది. "ఇందులో వెయ్యి. ముల్లు తీసి వెయ్యి" అంది.

"పెరుగన్నంలోనా? పెరుగూ చేపా కలిస్తే బొల్లి వస్తుందమ్మగారూ."

"దానికింక బొల్లి వచ్చే టైము లేదు. వెయ్యవమ్మా" అన్నాడు డాక్టరు.

అయినా నాంచారమ్మ పెరుగన్నం అరిటాకులోకి తీసి పక్కన పెట్టాకే పులుసన్నం వేసింది. ముల్లు లేదని వేళ్లతో నలిపి చూసింది. సుందరమ్మ ఎడమచేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కుడిచేయి గిన్నెలో పెట్టింది. చెయ్యి ఒకసారి వెనక్కి వచ్చింది. మళ్లీ పెట్టి ముద్ద చేసి, కుక్క మూతి దగ్గరకు చేర్చింది. ఆ కుక్కను ఆమె ఎప్పుడూ నువ్వు అనే పిలిచేది.

"తినండి" అంది.

కుక్క తింది. రెండో ముద్ద కూడా తింది. మూడోది నోట్లో పెట్టుకుని వదిలేసింది. ఆమె వేళ్లు నాకి, మెడ చాచి, మూతి ఆమె కుచ్చెళ్లకు తుడుచుకుంది.

కొంగు ముక్కు మీది నుంచి కళ్ల మీదికి జరిగింది.

హనుమయ్య కూర్చుని కుక్క తలను తొడ మీద పెట్టుకున్నాడు. అందరికీ చెప్పే మాటే చెప్పాడు. "దీనికి మనమీద కోపం లేదమ్మా."

"కోపమెందుకుంటుంది? రెండిళ్ల భోజనం" అంది నాంచారమ్మ. అని, మేక వైపు తిరిగింది.

హారను మోగలేదు. డ్రైవరు లోపలికి వచ్చి చూసి, చెప్పులు విడిచి గోడ పక్కన నిలబడ్డాడు. డాక్టరు ముందుకాలు సవరించి సూది గుచ్చాడు. మల్లేశ్వరరావు చీరల మూట సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పసాగాడు, కొరికింది ఎర్రంచు చీర అని. ఆ చీర ఖరీదు దగ్గరకు వచ్చేసరికి హనుమయ్య చేయి ఎత్తి ఇక చాలన్నాడు. కుక్క కళ్లు మూయడానికి రెండుసార్లు ప్రయత్నించి, కుదరక, పంచె అంచు మొహం మీదికి లాగాడు.

సుందరమ్మ పంపు దగ్గర చేయి సబ్బుతో కడుక్కుంది. వాసన చూసుకుంది. మళ్లీ కడుక్కుంది. గిన్నె చేతిలోకి తీసుకుని కాసేపు నిలబడింది. చేప పడిన గిన్నె ఆ వంటింట్లోకి వెళ్లదు. నాంచారమ్మను తీసుకోమంటే, అల్లుడు తిని పోయిన గిన్నెలో తను తినలేనంది. సుందరమ్మ గిన్నెను పంపు గట్టు మీద పెట్టి రిక్షా ఎక్కింది.

కుక్కను కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్లారు. రిక్షా వెనకే నాంచారమ్మ మేకను పట్టుకుని నడిచింది. ఇంటికి దారి అటు కాదు కదా అని హనుమయ్య అడిగితే, ఎట్లాగూ మేకను నడిపించమన్నావుగా అంది. డాక్టరు జీపు గన్నవరం చేరేసరికి జనం పశువులను తోలుకుని ఇళ్లకు వెళ్లిపోయారు.

సాయంత్రం హనుమయ్య దొడ్డిదారిన ఇంటికి వెళ్లి రాతి బండ మీద కూర్చున్నాడు. సంపూర్ణమ్మ వేణ్ణీళ్ల చెంబుతో వచ్చింది. చొక్కా మీద మందు మరక చూసి గేదె అనుకుంది. అతను మాట్లాడకపోవడం చూసి సాగనంపినది కూడా ఒకటి ఉందనుకుంది. జంతువుల సంగతులు ఆమె వినదు. అట్లాంటి రోజుల్లో ఒక్కటి మాత్రం అడుగుతుంది.

"ఏం తిని పోయింది?"

"చేపల పులుసు."

"ఎవరి చేత్తో?"

"ఏనాడూ చేప ముట్టని ఆవిడ చేత్తో."

సంపూర్ణమ్మ చెంబు గాలిలో ఆపింది. "అయితే బాగానే పోయింది" అని నెత్తిన నీళ్లు పోసింది.

శుక్రవారం ఉదయం నిన్నటి రిక్షా అతను ఆసుపత్రికి వచ్చాడు. గిన్నె అక్కడే ఉండనివ్వమని, తినని వాటికి పెట్టడానికి పనికొస్తుందని సుందరమ్మగారు చెప్పమన్నారన్నాడు. హనుమయ్య దాన్ని చింతపండూ బూడిదా వేసి తోమి, వెనక వరండా గూట్లో బోర్లించాడు. అడుగున చుక్కలతో కొట్టించిన పేరు ఉంది: చౌడేశ్వరమ్మ.